బూడిద రోడ్డు పక్కన మార్సు మట్టి

2008 ఫిబ్రవరిలో నన్ను హైదరాబాదు ప్రయోగశాల నుంచి పాల్వంచ శివారులోని క్షేత్ర కేంద్రానికి పంపారు. నా హోదా సీనియర్ సైంటిఫిక్ ఆఫీసర్, ఖనిజ విభాగం. కేంద్రం అనేది కాగితం మీది మాట. అక్కడ ఉన్నది రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు, వెనక సిమెంటు గచ్చు, ఒక మైక్రోస్కోపు, రెండు సెట్ల జల్లెడలు, నాతో కలిపి ఇద్దరు మనుషులు. రెండో మనిషి రూతమ్మ. ల్యాబ్ అటెండెంటుగా ఆరేళ్ల నుంచి తాత్కాలిక ఉద్యోగం చేస్తోంది. ఆమెను పర్మినెంటు చేసే ఫైలు ఆ నెలలోనే డైరెక్టరు గారి బల్ల మీదికి చేరింది.

మాకు అప్పగించిన పని అంగారకుడి మట్టి తయారు చేయడం. నవ్వుతారని చుట్టాలకు చెప్పేదాన్ని కాదు. అక్కడి మట్టిని ఎవరూ భూమికి తేలేదు. అయితే ఆ గ్రహం చుట్టూ తిరిగే నౌకలు పంపిన సమాచారాన్ని బట్టి, కొన్ని చోట్ల ఇనుము కలిసిన బంకమన్ను ఉందని తేలింది. బంకమన్ను పొరల మధ్య నీటిని దాచుకుంటుంది. ఎంత వేడి చేస్తే ఎంత నీరు బయటికి వస్తుందో కొలిచే పరికరం మా ప్రధాన కార్యాలయంలో తయారవుతోంది. దాన్ని సరిచూసుకోవడానికి అలాంటి మట్టే కావాలి. కాగితాల్లో దాని పేరు అనుకరణ మట్టి. మా షెడ్డులో మాత్రం అందరికీ, అంటే మా ఇద్దరికీ, మార్సు మట్టి.

జూలూరుపాడు దాటాక అడవి అంచున ఒక వాగు ఒడ్డులో మాకు కావలసిన మన్ను దొరికింది. నల్లరాయి కుళ్లి పసుపుపచ్చగా మారిన బంకమన్ను అది. దాన్ని నీళ్లలో కలిపి, ఇసుక అడుక్కి దిగాక పైనున్న బురదనీటిని వేరే తొట్టిలోకి వంచాలి. రెండు రోజులకు ఆ తొట్టి అడుగున చేరే మెత్తటి మట్టిని ట్రేలలో పలుచగా పరచి పన్నెండు రోజులు ఎండబెట్టాలి. ఓవెన్‌లో పెడితే గంటల్లో ఎండుతుంది గానీ, మేము కొలవాలనుకున్న నీరే ఎగిరిపోతుంది. కాబట్టి గచ్చు మీద ఎండే మాకు దిక్కు. ఎండాక నల్లరాతి పొడి, ఇనుప తుప్పు కొలత ప్రకారం కలిపి జల్లెడ పట్టాలి.

మొదటి విడత ట్రేలు ఎండలో పెట్టిన రోజు, నేను భోజనం చేసి వచ్చేసరికి వాటి మీద ఒక పాత నూలు చీర కప్పి ఉంది. నాకు ఒళ్లు మండింది. దారప్పోగులు రాలితే నమూనా చెడిపోతుందని, ఇది ల్యాబు, వంటిల్లు కాదని గట్టిగానే అన్నాను. రూతమ్మ ఏదో చెప్పబోయి ఆగింది, చీర మడిచి తీసుకుపోయింది. ఆ తర్వాత పన్నెండు రోజులూ మట్టిని రోజుకు రెండుసార్లు నేనే స్వయంగా తిరగేశాను. ఆ విడతను మార్చిలో హైదరాబాదుకు పంపి, అభినందనల కోసం ఎదురుచూశాను.

ఏప్రిల్‌లో వచ్చింది మెమో. ఎక్స్‌రే పరీక్షలో ప్రతి ఖనిజానికీ దానిదైన గీతలు పడతాయి, మన వేలిముద్రల మాదిరి. మా మట్టి పటంలో ఉండకూడని గీతలు పడ్డాయి. అవి ముల్లైట్ అనే ఖనిజానివి. కొలిమి వేడి తగిలితే తప్ప అది పుట్టదు. ఇటుకలో ఉంటుంది, పింగాణీలో ఉంటుంది, వాగు ఒడ్డు మన్నులో మాత్రం ఉండదు.

ముఖ్య శాస్త్రవేత్త ఫోన్ చేశారు. మట్టిని విదేశం నుంచి తెప్పించుకుంటే చాలని మొదటి నుంచీ వాదించిన మనిషి ఆయన. ఎర్రరంగు కోసం ఇటుక పొడి కలిపారా అని అడిగారు. లేదన్నాను. నేను లేనప్పుడు ట్రేల దగ్గర ఎవరుంటారని అడిగారు. రూతమ్మ పేరు చెప్పక తప్పలేదు. నెల రోజుల్లో సంజాయిషీతో, రెండో విడత మట్టితో సమీక్షకు రావాలన్నారు. అదీ తప్పితే పని మా చేతుల్లోంచి పోతుంది. అప్పటిదాకా ఆ అటెండెంటు ఫైలు ఆపి ఉంచమని చెప్పానని, మామూలు విషయం చెప్పినట్టే చెప్పి ఫోన్ పెట్టేశారు. 

రూతమ్మకు దాచకుండా చెప్పాను. 

"ఇటుక పొడి నేనెందుకు కలుపుత మేడం," అంది. "ఒక్క మాట అంట, కోపం చేయకుర్రి. ఆ దినం నేను కప్పిన చీర మీరు తీపిచ్చిన్రు గద. మా ఇంటి కాడ మిరపకాయలు గానీ వడియాలు గానీ చీర కప్పకుంట ఎండబోయం. గీ రోడ్డు మీద బూడిద లారీలు పోతయి గద. కప్పకపోతే కారం నోట్లె కరకరమంటది."

ఈ మాట అప్పుడే చెప్పి ఉండొచ్చు కదా అన్నాను.

"చెప్పబోయిన మేడం. గిది వంటిల్లు కాదన్నరు."

థర్మల్ విద్యుత్ కేంద్రం నుంచి ఇటుకలు చేసే షెడ్లకు బొగ్గు బూడిద మోసే లారీలు అవి. రోజూ వాటి వెనకే జీపులో వచ్చేదాన్ని, అద్దం పైకెత్తుకుని మరీ. బొగ్గు మండిన కొలిమిలో ముల్లైట్ పుడుతుందని చదువుకున్నాను, ట్రైనీలకు పాఠం కూడా చెప్పాను. ట్రేల మీద పడిన బూడిదను రోజుకు రెండుసార్లు శ్రద్ధగా లోపలికి కలిపింది నేనే.

అయినా మాట చాలదు, రుజువు కావాలి. పది గాజు స్లైడులకు దుమ్ము అంటుకునేలా వాజిలైన్ రాసి గచ్చు మీద పెట్టాం. అయిదు ఆరుబయట, అయిదు చీర కింద. వారం తర్వాత మైక్రోస్కోపులో చూస్తే, ఆరుబయటి స్లైడుల నిండా గుండ్రటి గాజుపూసలు. బొగ్గు బూడిద తప్ప మరొకటి అట్లా ఉండదు. చీర కింది స్లైడుల్లో వెతికితే ఒకటో రెండో. రూతమ్మను పిలిచి చూపించాను. మైక్రోస్కోపు అద్దంలోంచి చాలాసేపు చూసి, "అవ్ మేడం, గిదే మా కారంల పడేది," అంది.

రెండో విడతకు వెదురు బద్దలతో చట్రాలు కట్టి, మట్టికి తగలకుండా గుడ్డ కప్పాం. నేను కొత్త తెల్లగుడ్డ కొనుక్కొచ్చాను. రూతమ్మ దాన్ని వేళ్లతో నలిపి చూసి పక్కన పెట్టింది. కొత్తదానికి గంజి ఉంటుందట, నూగు రాలుతుందట. ఏళ్ల తరబడి ఉతికిన చీరయితే రాలేదంతా ఎప్పుడో రాలిపోయి ఉంటుంది. ఈసారి నేను ఎదురు చెప్పలేదు. ఎండిన మట్టిని జల్లెడ పడితే నాలుగు పోగులు కనిపించాయి, నాలుగూ జల్లెడ మీదే ఆగిపోయాయి.

మే నెలలో సమీక్ష. అటెండెంటుకు హైదరాబాదు ప్రయాణం మంజూరు కాదు కాబట్టి, టూర్ కాగితంలో రూతమ్మను 'నమూనా సంరక్షకురాలు' అని రాశాను. అలాంటి హోదా మా సంస్థలో లేదు. ఎవరూ అడగలేదు.

డైరెక్టరు గారి ముందు, ముందే తీయించిన మూడు ఎక్స్‌రే పటాలు ఒకదాని కింద ఒకటి పెట్టాను. మొదటి విడత మట్టి, రోడ్డు మీది బూడిద, రెండో విడత మట్టి. మొదటి రెండింటిలో ముల్లైట్ గీతలు ఒకే చోట ఉన్నాయి. మూడోదానిలో ఆ చోటు ఖాళీ. తర్వాత రెండో విడత మట్టిని అందరి ఎదుటే పరికరంలో వేడి చేశారు. నీరు ఏ వేడికి రావాలని లెక్క వేసుకున్నారో ఆ వేడికే వచ్చింది. ముఖ్య శాస్త్రవేత్త రెండోసారి చేయించారు. మళ్లీ అక్కడే వచ్చింది. నాకు బల్ల మీద చేత్తో చరచాలనిపించింది. హోదా గుర్తొచ్చి ఊరుకున్నాను.

బట్ట కప్పే ఆలోచన ఎవరిదని డైరెక్టరు గారు అడిగారు. గోడ పక్కన నిలబడ్డ రూతమ్మను చూపించి, మొదటి రోజే ఆమె కప్పిందని, తీయించింది నేనని, బూడిద కలవడానికి కారణం నేనేనని చెప్పాను. ముఖ్య శాస్త్రవేత్త లేచి ఇటుక పొడి మాట వెనక్కి తీసుకుంటున్నానని ఆమెకే చెప్పారు, నాకు కాదు. అది నాకు నచ్చింది.

"కొత్తదేం కాదు సార్, మిరపకాయలకు చేసేదే," అంది రూతమ్మ.

ఆమె ఫైలు మీద సంతకం ఆ వారంలోనే అయింది. విదేశీ మట్టి ప్రతిపాదన మళ్లీ వినపడలేదు. మరుసటి ఏడు మరో రెండు ప్రయోగశాలలు మా మట్టి కావాలని రాశాయి. అచ్చయిన తయారీ విధానంలో ఏడో అంశం ఇలా ఉంది: 'ట్రేలపై చట్రం అమర్చి, బాగా ఉతికిన పాత నూలు బట్ట కప్పవలెను.' పాత అనే మాట శాస్త్రీయంగా లేదని చిత్తుప్రతిలో ఎవరో కొట్టేస్తే, కారణం రాసి మళ్లీ చేర్పించాను.

దారప్పోగు కంటికి కనిపిస్తుంది, జల్లెడ దాన్ని ఆపుతుంది. బూడిద కనిపించదు, జల్లెడ దాటిపోతుంది. నేను కనిపించేదానికి భయపడ్డాను. ఆ తర్వాత పదకొండేళ్లు ఉద్యోగం చేశాను. కింది ఉద్యోగి దేని మీదైనా ఏదైనా కప్పితే, తీయించే ముందు ఎందుకు కప్పారని అడిగి, జవాబు పూర్తయ్యేదాకా విన్నాను.