చొక్కా విప్పని పైల్వాన్

లక్సెట్టిపేట కొండల్ తిండికి లోటు చేసిన మనిషి కాదు. తెల్లారకముందే కుస్తీ తాలీంలో దండీలు, బస్కీలు తీసి వచ్చి, తల్లి కొమురవ్వ ఇచ్చే చెంబెడు పాలు గటగటా తాగి, అన్నానికి ఇంకెంతసేపని అడిగేవాడు. ఇంత తిన్నా జాతరలో కడియం మాత్రం దక్కలేదు. మా దిక్కు కుస్తీలు కొబ్బరికాయతో మొదలై వెండి కడియంతో ముగుస్తాయి. కొబ్బరికాయలు పిల్లకాయలవి, కడియం పైల్వాన్‌ది. ఏటేటా అది చెన్నూరు పర్శరాములు చేతికే ఎక్కేది. కొండల్ గెలిచి తెచ్చిన కొబ్బరికాయలతో కొమురవ్వ పచ్చడి నూరేది. నూరుతూ నూరుతూ కొడుకును కూడా కలిపి నూరేది.

ఆ ఊళ్లో గంగయ్య అని ఒకడున్నాడు. పట్నంలో ఏదో దవాఖానలో సీసాలు కడిగి, సైకిలొకటి కొనుక్కుని వచ్చి డాక్టరైపోయాడు. జ్వరమొచ్చినా తేలు కుట్టినా సూదే పొడిచేవాడు. కొండల్ పెళ్లయిన ఏడే గంగయ్య అతన్ని పక్కకు పిలిచాడు.

"గిది మగసూది. బయటి దేశాల పైల్వాన్లు గిదే తీసుకుంటరు. నీకొక్కనికే ఇస్తున్న, ఎవ్వనికి చెప్పకు."

ఎవ్వనికి చెప్పకు అనగానే కొండల్‌కు సగం బలం అక్కడే వచ్చింది.

సూది పని చేయలేదంటే పాపం తగులుతుంది. దండచేతులు తొడలంత అయ్యాయి. వాటితో పాటే వీపు నిండా మొటిమలొచ్చాయి, నుదుటి మీద జుట్టు వెనక్కి జరిగింది, కోపం ముక్కు మీదికొచ్చి కూర్చుంది. ఒకనాడు బర్రె తనను ఎగాదిగా చూసిందని దానితో లొల్లికి దిగాడు. గెలిచింది బర్రే. కడియం సంగతంటారా, అది పర్శరాములుదే. చిత్రమేమిటంటే వాడూ ఏటికేడు అలాగే ఉబ్బుతున్నాడు.

ఆ తర్వాత కొండల్‌కు ఛాతీ పెరిగింది. మొదట సంబరపడ్డాడు. కానీ కండ అంత మెత్తగా ఉండదు, ముట్టుకుంటే నొప్పీ పెట్టదు. భార్య బాలలక్ష్మి ఒకరోజు వీపు రుద్దుతూ ముందుకు తొంగి చూసి, నోట్లో కొంగు కుక్కుకుంది.

"నవ్వుతున్నవా?"

"లేదు. నా రైక నీకు సరిపోతదేమోనని చూస్తున్న."

ఇది నవ్వుకునే ముచ్చట. నవ్వరాని ముచ్చట వేరే ఉంది. పెళ్లయి ఏళ్లు గడిచినా పిల్లల్లేరు. కొండల్ గోడవైపు తిరిగి పడుకోవడం అలవాటు చేసుకున్నాడు. అది కొమురవ్వకు తెలియదు. కోడలిని కొండగట్టు తిప్పింది, చెట్ల మందులు తాగించింది, చివరికి గొడ్డుదని పేరు పెట్టింది. "జాతర ఎల్లంగనే మా అన్న బిడ్డను తెచ్చి నీకు చేస్త కొడుకా," అని తేల్చేసింది. కన్నతల్లే అయినా ఆ మాట అన్నందుకు ఆమెను మెచ్చుకోలేం.

కొండల్ ఇంట్లో చెప్పకుండా కరీంనగర్ బస్సెక్కాడు. అక్కడి డాక్టరు చొక్కా విప్పించి, పరీక్షంతా చేసి, తల పట్టుకున్నాడు.

"ఒంట్ల తయారయ్యే సరుకును బయటి నుంచి పోస్తివి. లోపలి దుకాణం మూతబడ్డది. కింద చిన్నగయినయ్, చూసుకున్నవా? ఎక్కువైన మందు ఆడమందుగ మారి ఛాతికెక్కింది. రక్తపోటు గూడ ఉన్నది. సూది బంద్ చెయ్."

"పిల్లలు?"

"దుకాణం మళ్ల తెరుచుకుంటే అయితరు. చూద్దాం. నీ పెండ్లాన్ని మాత్రం ఏమనకు. తప్పు సూదిది."

సూది బంద్ పెట్టాడు. బాలలక్ష్మికి అంతా చెప్పాడు. ఆమె నవ్వలేదు.

"గిదే మాట మీ అవ్వకు చెప్పు."

"ఎట్ల చెప్పాలె? నేను పైల్వాన్‌ను."

"నువ్వు పైల్వాన్‌వి, నేను గొడ్డుదాన్నా? నేను చెప్తే ఆమె నమ్మది. నువ్వు చెప్పకుంటే మా అవ్వగారింటికి పోత. మళ్ల రాను."

రేపు చెప్తానంటూనే కొండల్ జాతర దాకా లాక్కొచ్చాడు. ఆ పొద్దు కొమురవ్వ వాళ్ల అన్న, పెళ్లి మాటకు తాంబూలం పట్టుకొని దిగాడు. బాలలక్ష్మి బట్టల మూట కట్టుకుంది.

కుస్తీ దగ్గరికి ఆడవాళ్లు రారు. కొమురవ్వ వస్తుంది, ఆపే మగవాడు ఆ ఊళ్లో పుట్టలేదు. అన్నను పక్కన కూర్చోబెట్టుకుంది. చివరికి కడియం కుస్తీ పిలిచారు. కొండల్ చొక్కాతోనే గోదాలో దిగాడు.

"అంగీ ఇప్పురా," అన్నాడు పటేల్.

"సర్ది చేసింది పటేలా. ముందుగాల గాయిన్ను ఇప్పుమను."

అందరూ అటు చూశారు. పర్శరాములు కూడా మెడదాకా గుండీలు పెట్టుకుని నిలబడ్డాడు.

"నాకు గూడ సర్దే," అన్నాడు.

నువ్వు ముందంటే నువ్వు ముందని ఇద్దరూ వాదులాడుకున్నారు. జనం ఈలలు వేశారు. అంగీల కుస్తీ తాతల కాలం నుంచి చూడలేదని పటేల్ మొత్తుకున్నాడు. అప్పుడే జనం వెనక గంగయ్య సైకిల్ నెట్టుకుంటూ జారుకోవడం కొండల్ కంటబడింది. పర్శరాములు చొక్కా ముందు భాగాన్ని ఇంకోసారి చూశాడు. వాడికీ గంగయ్య సూదేనని అర్థమైంది. అంతలోనే అతని చూపు దూరంగా మూటతో నిలబడ్డ బాలలక్ష్మి మీద పడింది. ఆమె బస్సు వచ్చే దారి చూస్తోంది.

కొండల్ చొక్కా విప్పేశాడు.

జాతరంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వులో చచ్చిపోతే బాగుండుననిపించింది అతనికి. అయినా గొంతెత్తాడు.

"అవ్వా! సూడు. సూదులు పొడిపిచ్చుకొని గిట్లయిన. పిల్లలు కానిది నాతోని, దానితోని కాదు. మామను ఇంటికి పొమ్మను."

కొమురవ్వ అన్న చేతిలోని తాంబూలం తీసి అతని సంచిలోనే కుక్కింది. "పో అన్నా," అని లేచి, కోడలి దగ్గరికి వెళ్లి మూట కోసం చెయ్యి చాపింది. బాలలక్ష్మి వెంటనే ఇవ్వలేదు.

గోదాలో పర్శరాములు ఒక్కో గుండీ విప్పుతున్నాడు. జనం మళ్లీ నవ్వబోయారు. అతను కొండల్ దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"నిజంగ సూదితోనేనా? ఎవరన్నరు?"

"కరీంనగర్ డాక్టరన్నడు."

"నేను నా పెండ్లాన్ని పోయినేడే ఎల్లగొట్టిన," అన్నాడు పర్శరాములు. కుస్తీ మాట మరిచిపోయి, చొక్కా భుజాన వేసుకుని, ఆ ఒంటితోనే జనం మధ్య నుంచి అత్తగారి ఊరి దారి పట్టాడు.