పసుపునీళ్ళలోంచి తిరిగొచ్చిన ఉంగరం

నాలుగేళ్ళుగా ఈ సంగతి చెబుతూనే ఉన్నాను. ఇంతవరకు ఒక్కరూ చివరిదాకా వినలేదు. మా అమ్మ సగంలో లేచి కుక్కర్ చూడటానికి వెళుతుంది. మా నాన్న టీవీ సౌండు పెంచుతాడు. చేసిన తప్పు నా నోటితో నేనే ఒప్పుకుంటున్నా పట్టించుకునేవాళ్ళు లేరంటే, ఆ ఇంట్లో నా మాటకి ఎంత విలువుందో మీరే అర్థం చేసుకోండి. అందుకే రాసి పెడుతున్నాను.

ముందే చెబుతున్నాను. దయ్యాలూ మాయలూ నేను నమ్మను. ముక్త్యాల దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో లారీలు తూచే కాటా దగ్గర పద్నాలుగేళ్ళుగా పనిచేస్తున్నాను. డ్రైవరు ఒట్టేసినా, ఏడ్చినా, తెర మీద పడిన అంకెనే నమ్ముతాను. గాలి సోకింది, దిష్టి తగిలింది అనేవాళ్ళంటే నాకు చిరాకు.

మా నాయనమ్మకి ఒక ఉంగరం ఉంది. తాతయ్య పెళ్ళిలో పెట్టినది. మధ్యలో చిన్న కెంపు, దానికి అటూ ఇటూ రెండేసి ఆకులు, ఆకుల మీద చేత్తో చెక్కిన ఈనెలు. ఒక ఆకు కొన కొంచెం వంగి ఉంటుంది. చిన్నప్పుడు నాయనమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంటే నేను ఆ కెంపునే చూస్తుండేవాణ్ణి. పెద్ద మనవణ్ణి నేను. అది నాకు రాబోయే భార్యకే వస్తుందని ఎవరూ చెప్పలేదు. రాదని కూడా ఎవరూ చెప్పలేదు.

పదకొండేళ్ళ కిందట నా పెళ్ళి కుదిరింది. ప్రధానం ఉంగరం కోసం నందిగామలో బంగారం కొట్టుకి వెళ్ళాం. నాకు కాబోయే భార్య పద్మజా, వాళ్ళమ్మా పక్కనే ఉన్నారు. వాళ్ళ ముందే నాయనమ్మని అడిగాను, నీ ఉంగరం ఇవ్వచ్చుగా అని.

"అదింకెక్కడిదిరా? మీ నాన్న బోరు వేయించినప్పుడే కరిగించేశాంగా" అంది.

సరే అనుకుని మిషను మీద చేసిన ఉంగరం కొన్నాను. ఆ ట్రేలోనే అలాంటివి ఇంకో ఇరవై ఉన్నాయి. పద్మజ ఒకసారి ఆ ట్రే వైపు చూసింది. ఆ చూపే నాకు ఎక్కువ గుర్తుంది.

ఏడేళ్ళ తర్వాత మా తమ్ముడు వంశీకి సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు హారిక. మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడే తనకి షోరూము ఉంగరాలు వద్దని చెప్పింది. "అందరి వేళ్ళకీ అవే కదండీ. ఎవరో ఏళ్ళ తరబడి పెట్టుకుని అరగదీసిన పాత ఉంగరమైతే దానికో కథుంటుంది" అంటూ ఫోనులో బొమ్మలు చూపించింది. నాయనమ్మ కళ్ళజోడు పెట్టుకుని అన్నీ చూసింది. లేచి గదిలోకి వెళ్ళింది. తిరిగొచ్చి హారిక అరచేతిలో ఉంగరం పెట్టింది.

కరిగిపోయిన ఉంగరం.

"అమ్మో, ఎంత బాగుందో మామ్మగారూ! కొందామన్నా దొరకదు ఇలాంటిది" అంది హారిక. అందరూ మురిసిపోయారు. పద్మజ ఖాళీ టీ కప్పులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అది చూసింది నేనొక్కణ్ణే.

ఉంగరం హారిక వేలికి వదులైంది. వంశీ హైదరాబాదులో ఉంటాడు కాబట్టి, దాన్ని జగ్గయ్యపేట తీసుకెళ్ళి బిగించి తెచ్చే పని నా మీదే పెట్టారు. పని ఉన్నప్పుడు మాత్రం పెద్దోడు గుర్తొస్తాడు. అక్కడ మాకు తెలిసిన కంసాలి ఆచారిగారున్నారు. నా భార్యకి అచ్చం ఇలాంటిదే ఇంకోటి చెయ్యమని ఆయన్ని అడిగాను. అందులో దాచాల్సిందేమీ లేదు.

"అచ్చు దిగుతుందండీ. పాత కెంపు కూడా ఒకటుంది నా దగ్గర. కాకపోతే ఆ అరుగుదల నేను చెయ్యలేను. అది వేలు చెయ్యాల్సిన పని" అన్నాడాయన.

వారం తర్వాత రెండూ పక్కపక్కన పెట్టాడు. పైకి ఏది ఏదో నాకే తెలియలేదు. లోపల చూస్తే మాత్రం తేడా ఉంది. పాతదాన్ని కోసి చిన్నది చేశాడు కాబట్టి దాని లోపలివైపు అతుకు గీత ఉంది. కొత్తదాని లోపల నున్నగా ఉంది. బొటనవేలితో తడిమినా తెలిసిపోతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి చాలు.

కొత్తది పద్మజకి ఇచ్చాను. వెలుతురులో తిప్పి చూసింది. "బాగుందండీ. కానీ అది కాదుగా" అని మళ్ళీ డబ్బాలో పెట్టేసింది. ఒక్కసారి కూడా వేలికి పెట్టుకోలేదు.

వంశీ పెళ్ళి జగ్గయ్యపేట దాటాక హైవే పక్కన ఒక కల్యాణ మండపంలో, పగటి ముహూర్తం. తలంబ్రాలు అయ్యాక బిందెలో ఉంగరం తీసే ఆట పెట్టారు. ఇత్తడి బిందెలో పసుపునీళ్ళు పోసి, పూలు చల్లారు. మాకు అక్కచెల్లెళ్ళు లేరు. ఉంగరం వేసే వంతు నాకిచ్చారు. హారిక వేలి ఉంగరం తీసి, "బావగారూ, ఈయన వైపుకి వెయ్యకండి" అని నవ్వుతూ నా చేతికిచ్చింది.

కొత్త ఉంగరం నా చొక్కా జేబులో ఉంది. పొద్దున బయల్దేరేటప్పుడే పెట్టుకున్నాను. దీన్ని మీరు దొంగతనం అంటారు. జరిగిన అన్యాయాన్ని సరిచెయ్యటం అనుకున్నాను నేను. తువ్వాలు చాటున మార్చాను. అతుకున్నది జేబులోకి, నున్నటిది బిందెలోకి. వేసే ముందు వేలితో తడిమి చూసుకున్నాను కూడా. అది అడుగున తగిలిన చప్పుడు విన్నాను.

ఇద్దరూ చేతులు పెట్టారు. "ఒరేయ్ వంశీ, ఇక్కడ ఓడావంటే ఇంక నీ బతుకంతా ఓటమేరా!" అని మా పిన్ని అరుస్తోంది. హారిక తీసింది. తుడిచి మళ్ళీ వెయ్యమని నాకిచ్చింది. తువ్వాలుతో పట్టుకుని లోపలివైపు చూశాను.

అతుకుంది.

జేబులో చెయ్యి పెట్టాను. అందులో ఉన్న ఉంగరం నున్నగా ఉంది. తడిగా ఉంది. జేబు అడుగు పచ్చగా నాని ఉంది. నేను బిందెలో చెయ్యి పెట్టలేదు. నా మీద ఎవరూ నీళ్ళు చల్లలేదు.

కంగారులో పొరపాటు పడ్డాననుకున్నాను. రెండోసారి జేబుని నమ్మలేదు. నున్నటిది బిందెలో వేసి, అతుకున్నదాన్ని ఎడమ గుప్పిట్లో బిగించాను. గోళ్ళు అరచేతిలో దిగేంత గట్టిగా. ఈసారి వంశీ తీశాడు. అందరూ ఈలలు వేస్తుంటే నా గుప్పిట విప్పాను. నున్నటి ఉంగరం. అరచేతి గీతల్లో పసుపు. వంశీ ఇచ్చినదాంట్లో అతుకు.

నాయనమ్మ బిందె పక్కనే కుర్చీలో కూర్చుని ఉంది. బిందె వైపు చూడటం లేదు. నన్నే చూస్తోంది.

మూడోసారి నేను మార్చలేదు. అతుకున్నదాన్నే వేశాను. అదే బయటికి వచ్చింది. నా జేబులోది జేబులోనే ఉంది.

"ఇక చాల్లేరా" అంది నాయనమ్మ. అందరూ ఆట గురించే అనుకున్నారు.

తర్వాత వంశీకి అన్నీ చెప్పాను. "అన్నయ్యా, నీకు పేకముక్కే మార్చటం చేతకాదు, ఉంగరం మారుస్తావా?" అని పగలబడి నవ్వాడు. నేను దొంగననైనా నమ్మడు. ఆచారిగారికి చెబితే, ఆ రోజు ఏం తిన్నారండీ అన్నాడు. ఆ చొక్కా ఉతకకుండా దాచాను. జేబు మీద పసుపు మరక అలాగే ఉంది. ఎవరైనా వస్తే చూపిస్తాను. ఎవరూ రారు.

నేను వెయ్యి రకాలుగా ఆలోచించాను. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు. రెండోసారి బిగించిన గుప్పిట్లో ఎలా మారింది? నాకు తెలియదు. తెలుసుకోగలనని కూడా ఇప్పుడు అనుకోవటం లేదు.

నిజానికి ఆ ఉంగరం ఎలా తిరిగి వెళ్ళిందన్నది కూడా వదిలేస్తాను. నాకు కావలసిన జవాబు వేరే ఉంది. నాయనమ్మని ఎప్పుడు అడిగినా మోకాళ్ళ నొప్పులంటుంది, మందు రాయమంటుంది. ఊళ్ళో ఎవరైనా ఇది ఆమెకి చదివి వినిపిస్తారని ఆశ.

నాయనమ్మా, ఉంగరం నీది. నీకు ఇష్టమైనవాళ్ళకి ఇచ్చుకో. కానీ ఆ రోజు కొట్టులో, పద్మజ ముందు, కరిగించేశామని ఎందుకన్నావు? ఇవ్వను అంటే పోయేదిగా. నా భార్యలో ఏం తక్కువ చూశావు? లేక నాలోనా? నాకు చెప్పకపోతే మానెయ్. పద్మజని పిలిచి, ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఆమెకి చెప్పు.