చెట్లకు గుల్లలు పట్టిన చోటు

రంగూన్‌లో ఓడ దిగిన తరువాత మా అమ్మ మళ్లీ సముద్రం చూడలేదు. బోటాటౌంగ్‌లో మా గది కిటికీలోంచి కనిపించేది నది. వాతంతో మోకాళ్లు బిగిసి, మంచం దిగడానికి కూడా మనిషి సాయం కావలసి వచ్చాక ఆమెకు సముద్రం మీద బెంగ పట్టుకుంది. ఆ బెంగ తీర్చాలనే మేం ఆ దీవికి వెళ్లాం.

మా మేనమామ రంగూన్‌లోనే లత అనే పేటలో ఒక చీనా వర్తకుడి మోటారు వ్యాను నడిపేవాడు. నది సముద్రంలో కలిసే చోట ఉన్న దీవిలోని దుకాణాలకు సరుకు వేయవలసి వస్తే వ్యానును బల్లకట్టు మీదికి ఎక్కించి, లాంచీకి కట్టి లాగించేవారు. సరుకు దింపాక మర్నాటిదాకా బల్లకట్టు తిరిగి రాదు. ఆ మధ్యలో వ్యాను మాది. అమ్మ, మామ, నేను, కొత్తగా కాపురానికొచ్చిన నా భార్య, మేం నలుగురమే.

తొందరేమీ లేదు కనుక ఆగుతూ, చూస్తూ వెళ్లాం. తాటితోపులు, వెదురు పొదలు దాటి అడవిలో బండిబాట పట్టాం. ఆనాటి డైరీలో దారిలో చూసిన చెట్ల పేర్లన్నీ వరసగా రాసుకున్నాను. సాయంత్రం గురించి మాత్రం ఒక్క ముక్క లేదు.

అడవి చివర చెట్లు ఆగిన చోట ఒక పల్లం, దాని అవతల గట్టి ఇసుక తిన్నె, ఆ పైన సముద్రం. మామ పల్లం దాటించి వ్యానును తిన్నె మీద నిలిపాడు. నీళ్లు ఎక్కడో దూరంగా ఉన్నాయి.

"పోటు వస్తే?" అన్నాను. రేవులో సరుకు లెక్క రాసే గుమాస్తాను. నది ఎంత ఎత్తు లేస్తుందో రోజూ చూసేవాణ్ని.

మామ నవ్వాడు. "నది ఇరుకురా, అందుకే పొంగుద్ది. ఇది సముద్రం. మన విశాపట్నం నీల్లే. ఆ నాచు గీత దాటి రాదు. నాకు సెప్తావేటి?" విశాఖ ఒడ్డున పడవల మధ్య పెరిగిన మనిషి. నేను నమ్మాను.

వ్యాను వెనక తలుపు తీసి, అమ్మను సముద్రం వైపు కూర్చోబెట్టాం. వంటకు పుల్లలు తేవాలి.

"ఎల్లండి, ఎల్లండి. నాకేటి? నీల్లు సూసుకుంటాను," అంది. ఆమె ముఖం అంత తేటగా ఉండడం చాలా కాలం తరువాత చూశాను.

ముగ్గురం పుల్లలు ఏరుతూ అడవిలో కాస్త దూరం పోయాం. తిరిగి వస్తుంటే నా భార్య చీర కొంగు ఒక చెట్టుకు తగులుకుని చిరిగింది. ఆమె వంగి చూసి, "ఇదిగో, సెట్టుకి గుల్లలేటి?" అంది.

బెరడు నిండా తెల్లటి గుల్లలు. మా రేవు స్తంభాలకు పట్టేవే. పోటు నీళ్లు ఎంత ఎత్తు దాకా తాకితే అంతవరకే అవి పడతాయి. ఇక్కడ నా నడుము దాటి ఉన్నాయి. పుల్లలు పారేసి పరుగెత్తాను.

పల్లం కనిపించలేదు. దాని నిండా నీళ్లు. సముద్రం ముందు నుంచి రాలేదు, పక్కనుంచి చుట్టి మా వెనక్కి వచ్చింది. అవతల తిన్నె మీద వ్యాను చక్రాలు తడుస్తున్నాయి.

నా భార్యను ఒడ్డున ఉండమని మామా, నేనూ ఈదినట్టే దాటాం. అమ్మ కాళ్లు పైకి ముడుచుకుని, తలుపు పట్టుకుని ఉంది.

"ఎంత పిలిసినా పలకరేటిరా!"

మామ ముందుకు పోయి హ్యాండిలు తిప్పసాగాడు. ఇంజను దగ్గి ఆగిపోయింది. మళ్లీ తిప్పాడు. చక్రాల కింద ఇసుక కరుగుతోంది.

"ఒక్క నిమిసం అప్పా, స్టార్టయిపోద్ది," అన్నాడు అక్కతో.

"మీ సేటు బండి ఈదుద్దేటిరా? బేగి రా!" అంది అమ్మ.

పెట్టెలు మోయడానికి వ్యానులో వెదురు బొంగు, తాళ్లు ఉండేవి. టార్పాలిన్‌ను బొంగుకు కట్టి, కొండల్లో రోగులను మోసే డోలీలా చేసి అమ్మను అందులో పడుకోబెట్టాం. ముందు నేను, వెనక మామ.

పల్లంలో నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి. పక్కకు లాగేస్తున్నాయి. కాలు పెడితే కింద నేల ఉందో లేదో తెలియదు. నాన్న రేవులో బస్తాలు మోసేటప్పుడు అనే మాటలే అమ్మ అనసాగింది. "వెయ్యి అడుగు... నిలు... వెయ్యి..." మధ్యలో నా కాలు దిగబడింది. డోలీ మునిగింది. అమ్మ మాట ఆగిపోయింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ నిద్రలో వస్తుంది. తరువాత ఆమె వేళ్లు నా జుట్టు పట్టుకున్నాయి. ఉక్కిరిబిక్కిరి అవుతూనే, "వెయ్యి," అంది.

ఒడ్డెక్కి డోలీ దించబోయాం.

"ఇక్కడ దించకండి!" అని అరిచింది నా భార్య. ఆమె చెయ్యి ఒక మాను మీద ఉంది. "ఇక్కడా ఉన్నాయి."

నీళ్లు మా వెంట చెట్ల మధ్యకు వస్తున్నాయి. చీకటి పడుతోంది. ఆమె ముందు నడుస్తూ ఒక్కో మానునూ తడుముతోంది. "ఉన్నాయి... దీనికీ ఉన్నాయి..." అరచేతులు కోసుకుపోయి నెత్తురు కారుతున్నాయి. భుజం మీద బొంగు బరువు కన్నా ఆ మాటే బరువుగా ఉంది. వెనక మామ రొప్పుతూ నడుస్తున్నాడు. అతను ఒక్కసారీ వ్యాను వైపు తిరిగి చూడలేదు.

"ఈ సెట్టుకి గుల్లలు నేవు," అంది చివరికి.

మామ మోకాళ్లు వంచాడు.

"ఆగరా," అంది అమ్మ డోలీలోంచి. "ఇంకో సెట్టు సూడమ్మా."

నా భార్య పక్క మానును వేరు నుంచి తలెత్తు దాకా రెండు చేతులతో తడిమింది.

"దీనికీ నేవు, అత్తా."

"అయితే దించండి."