ఎర్ర గీత గెలిచేదాకా తలుపు లేదు

మా ఆయన్ని ఆఫీసులో అందరూ ‘గీతలాయన’ అంటారు. వాణిజ్య శాఖలో ఆయన పని ఒక్కటే. మన దేశం ఏటా ఎంత విలువైన గట్టి కలప బయటికి అమ్మింది, పొరుగు దేశం ఎంత అమ్మింది అని చూసి, గోడకు నిలువుగా బిగించిన పెద్ద చెక్క బోర్డు మీద మనకు ఎర్ర గీత, వాళ్ళకు నీలం గీత పొడిగించడం. పెళ్ళయిన నాటినుంచీ చూస్తున్నాను, ఎర్రది ఎప్పుడూ కిందే. నీలం కాస్త పైకి పాకితే చాలు, ఆ పూట ఈయన ముద్ద ముట్టరు.

అలాంటి మనిషి ఇంట్లో స్నానాలగది తలుపు చెదలు పట్టి ఊడిపోయింది. కొత్తది చేయించమన్నాను.

"పొరుగు దేశపు కలప కొంటే నీలం గీత పైకి పోతుంది," అన్నారు.

"పోనీ మనదే కొనండి."

"మనది మనమే వాడేసుకుంటే ఎగుమతికి ఏం మిగులుతుందే? ఎర్రది నీలాన్ని దాటనీ, ఆ మర్నాడే పెట్టిస్తాను."

ఒక్క తలుపుకు దేశం మునిగిపోతుందట! రేకు తలుపైనా పెట్టమంటే, అది కలపను అవమానించడమట.

దాంతో గుమ్మానికి దుప్పటి వేలాడింది. లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి పాడుతూ ఉండాలి. నా గొంతు సంగతి వీధంతటికీ తెలుసు. అత్తగారికి పాటలు రావు, ఎక్కాలు చదివేవారు. పదమూడో ఎక్కంలో ఆగితే ఎవరో ఒకరం దుప్పటి ఎత్తేసేవాళ్ళం. మా తమ్ముడొచ్చినప్పుడు సిగ్గుపడి దగ్గుతో సరిపెట్టాడు. పక్కింటి కాంపౌండరు మందుసీసాతో పరిగెత్తుకొచ్చాడు. నాకు కావలసిందల్లా ఒక్క గడియ. వేసుకుని, కాసేపు నోరు మూసుకుని కూర్చోవాలి.

ఈ ఏడు ఎర్ర గీత దాటింది. "గెలిచామే!" అని ఆయన వీధి మొదట్లోంచే అరుచుకుంటూ వచ్చారు. చెప్పులు విప్పనివ్వకుండా వడ్రంగి దగ్గరికి ఈడ్చుకెళ్ళాను.

"కలపా? ఎక్కడుందమ్మా!" వడ్రంగి ఖాళీ కొట్టు చూపించాడు. "ఉన్నదంతా ఓడలెక్కించేశారుగా. నా పీట కూడా అమ్మేశా."

మా ఆయన మొహం వెలిగిపోయింది. "చూశావా? అందుకే దాటాం!"

నాకు ఒళ్ళు మండిపోయింది.

మర్నాడు పై అధికారి బోర్డు దింపించేశాడు. "గెలిచాం కదా, ఇక పోల్చడమెందుకు? వచ్చే ఏడు కిందపడితే మన పరువేం కావాలి?" అని దాన్ని ఈయనకే బహుమతిగా ఇచ్చేశాడు. తోపుడు బండి మీద తెచ్చుకుని, గుమ్మంలోనే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. ఎంత కోపమున్నా చెంబుతో మంచినీళ్ళు తెచ్చిచ్చాను.

కానీ బోర్డు మా స్నానాలగదికి కొలిచి చేసినట్టుంది. వడ్రంగిని పిలిచాను. అతను తిరగేసి చూశాడు.

"మేలైన టేకమ్మా. పొరుగు దేశం సరుకు, ఇదిగో ముద్ర."

ఆయన ఏడుపు టక్కున ఆగింది. "ఇది అప్పట్లో నీలం లెక్కలో కలిసిందో లేదో..." అని లేవబోయారు.

"కలిపారంటే నేను పుట్టింటికి పోతాను."

బోర్డునీ నన్నూ మార్చి మార్చి చూశారు. "ముద్ర లోపలివైపు పెట్టవోయ్," అన్నారు వడ్రంగితో.

సాయంత్రం లోపలికెళ్ళి గడియ వేసుకున్నాను. నోరు మూసుకుని కూర్చున్నాను. అబ్బ, ఎంత సుఖమో! బయట మాత్రం అడుగుల చప్పుడు ఆగలేదు.

"ఏమే, పాడవేం? ఉన్నావా?"

"గడియ వేసుందిగా, ఉన్నాను."

"అది సరే..." ఆయన తలుపుకు దగ్గరగా వచ్చారు. "ఈ గీతలు ఇక పెరగవు. నువ్వు కూడా ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంటే ఇల్లు అదోలా ఉందే."

తిట్టుకుంటూనే పాట అందుకున్నాను.