అంటించిన పేరు

ఈ రోజు పొద్దున నోరు జారాను. మా వాడు ఫోనులో ఎవరూ పేరు వినని కంపెనీ టీవీ ఒకటి చూపించి, చవగ్గా వస్తోంది, తీసుకోవచ్చా అని అడిగితే, వెనకా ముందూ చూడకుండా, "పేరు లేనిది వద్దురా, మీ మామ మీ తాతకు అంటగట్టినట్ల అయితాది" అనేశాను. లోపల చిక్కుడుకాయలు తుంచుతున్నది గిద్దలూరు నుంచి మమ్మల్ని చూడవచ్చిన మా అక్క. ఆ మామ ఆమె మొగుడే. ఆమె చేట పక్కన పెట్టి, సంచి తీసుకుని, "నాయనతోనే పోయిందనుకున్నా ఆ మాట. నువ్వు దాచిపెట్టుకున్నావా" అని, మార్కాపురం బస్టాండుకు వెళ్ళిపోయింది.

ఊరికి ఒకటో రెండో టీవీలు ఉన్న కాలం నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది. మాది అర్ధవీడు దగ్గర పల్లె. బావకు గిద్దలూరులో రేడియోలు బాగుచేసే దుకాణం ఉండేది. మద్రాసు నుంచి విడిభాగాలు తెప్పించి తనే టీవీలు కూడా బిగించి అమ్మేవాడు. నాయనేమో ఎద్దుల్ని కొన్నా ఎవరింటివో కనుక్కొని గాని పలుపు పట్టని మనిషి, పెద్ద కంపెనీ టీవీ అయితేనే ఇంట్లోకి రానిస్తానన్నాడు. దానికి ఇంకో పంట దాకా ఆగాలి. నాకు ఆగే ఓపిక లేదు. బావ దుకాణానికి పోయి, ఆయన బిగించిన టీవీకే ఏదో ఒక పెద్ద పేరు అంటించి ఇమ్మని బతిమాలింది నేనే.

"మామకు తెలిస్తే నా మొహాన ఉమ్మేస్తాడురా" అన్నాడు బావ.

"తెలిస్తే నేను చెప్పుకుంటాలే బావా" అన్నాను.

ఆ మాట నమ్మి, ఒక చెడిపోయిన టీవీ నుంచి పెరికిన మెరిసే పేరు బిళ్ళను తెచ్చి అంటించాడు.

కొన్నాళ్ళు బాగానే ఆడింది. ఒక ఆదివారం వీధంతా మా వసారాలో కూర్చుని ఉండగా బొమ్మ ముడుచుకుపోయి, నడుమ ఒక తెల్లగీత మిగిలింది. బావకు కబురు పోయింది గాని, ఆయన వచ్చేలోపే నాయన కంభం నుంచి వేరే మెకానిక్కును పిలిపించాడు. అతను వెనక మూత విప్పి నవ్వాడు. "పెద్దాయనా, పేరొకరిది, లోపల సరుకింకొకరిది. ఎవురు అంటగట్టినారు నీకు?" అప్పుడే గడపలో అడుగుపెట్టిన బావను చూసి నాయన గొంతు కూడా పెంచలేదు. "అల్లుడని నమ్మినా గదయ్యా" అన్నాడంతే. బావ నా వైపు చూశాడు. నేను యాంటెన్నా సరిచేసే మిషతో మిద్దె ఎక్కాను.

చనిపోయేదాకా నాయన మళ్ళీ అక్కావాళ్ళ ఇంటి గడప తొక్కలేదు. బావ అసలు సంగతి అక్కకు కూడా చెప్పలేదు. ఆయన నోరు విప్పని కొద్దీ నా అబద్ధమే నాకు నిజమనిపించసాగింది. మోసపోయిన వాళ్ళలో నన్నూ కలుపుకుని మాట్లాడటం అలవాటైపోయింది.

మధ్యాహ్నం బస్సుకు గిద్దలూరు పోయాను. అక్కనూ బావనూ కూర్చోబెట్టి, ఫోను స్పీకరులో మా వాణ్ణి కూడా ఉంచి, ఆ పేరు అంటించమన్నది నేనేనని చెప్పాను.

బావ కళ్ళజోడు తుడుచుకుంటూ, "ఇన్నేళ్ళకు దిగినావా మిద్దె మీద నుంచి" అన్నాడు.

ఫోనులో మా వాడు, "అయితే మామా, ఆ టీవీ కొనచ్చంటావా?" అన్నాడు.

"పేరు సంగతి ఇడ్సిపెట్టు. చెడిపోతే బాగుచేసేటోడు మీ ఊళ్ళో ఉండాడేమో కనుక్కో ముందు."

ఇప్పుడు ముక్కూమొహం తెలియని వాళ్ళు ఫోనులో ఇచ్చిన నక్షత్రాలు చూసి కొంటున్నాం. వస్తువు చెడిపోతే వస్తువే పోతుంది, దానితో చుట్టరికాలు పోవు. అది మేలేనేమో. కానీ పిల్లనిచ్చిన మామకు మొహం చూపించాలనే భయంతో వెనకాడిన బావలాంటి అమ్మకందారు ఇంక దొరకడు.

అక్క నా వైపు తిరిగింది. "నాయన ఉండంగా ఈ మాట చెప్పింటే, ఒక్క పూటన్నా ఈ ఇంట్లో అన్నం తినిపోయేటోడు గదరా."

ఆమె వదిలేసి వచ్చిన చిక్కుడుకాయలను సంచిలో వెంట తెచ్చాను. వంటింటి గడపలో కూర్చుని తుంచడం మొదలుపెట్టాను. అక్క నాకు చేట ఇవ్వలేదు, లేచి పొమ్మనీ అనలేదు.