కాలవ మధ్యలో అడిగిన ఓటు

ఇలా దగ్గరికొచ్చి సరిగ్గా కూచుని విను, విన్నది విన్నట్టే రాయి. మీ తాతయ్య రాజమండ్రి కాలవ మీద పడవ నడిపే సరంగు. అప్పట్లో రేవంతా బురదే. మూటతో జారిపడి నడుం విరగ్గొట్టుకున్నవాళ్ళని చూశాక, ఆయన ఇంటికొచ్చేదాకా నాకు గుండెదడే.

ఇంతలో మునిసిపాలిటీ ఎన్నికలొచ్చాయి. నిలబడ్డవాళ్ళలో రేవుకి రాతిమెట్లు కట్టిస్తానన్నది ఒక్క ప్లీడరుగారే. ఆ రోజుల్లో ఓటేమో పన్ను కట్టేవాళ్ళకే, మావాళ్ళకి లేదు. అందుకని పడవలవాళ్ళంతా కలిసి ఒక కట్టుబాటు చేసుకున్నారు. ఓటున్నాయన ఎవరి పడవెక్కినా సరే, పడవలాగే లాకు తలుపులు వచ్చేలోగా ప్లీడరుగారికి వెయ్యమని అడగాల్సిందే!

ఒకరోజు మా పడవ బియ్యం షావుకారుగారు ఎక్కారు. నేనూ ఉన్నాను. కాలవ మధ్యకి రాగానే మీ తాతయ్య ఓటు సంగతి ఎత్తారు.

"ఇదేంటయ్యా, దిగి పారిపోకుండా కాలవ మధ్యలో పట్టుకున్నారూ!" అన్నారాయన.

"ఒడ్డు మీదైతే తమరు ఆగరు కదండీ," అన్నారు మీ తాతయ్య.

షావుకారుగారు పకపకా నవ్వి, నేనిచ్చిన కొబ్బరిబొండం తాగి, "సరేలే, ఆ బురదలో నా బియ్యమూ తడుస్తోంది," అని ఒప్పుకున్నారు. తోటి షావుకార్లకీ చెప్పారు. ప్లీడరుగారు గెలిచారు, మెట్లూ వచ్చాయి. మీ తాతయ్య ముసలితనం దాకా ఆ మెట్లెక్కే క్షేమంగా ఇంటికొచ్చారు. వాళ్ళందరి కడుపూ చల్లగుండాలి. ఇప్పటికీ రేవుకెళ్తే మొదటి మెట్టుకి దణ్ణం పెట్టుకుని నేనేమంటానంటే...

"అత్తయ్యగారూ, అన్నం చల్లారిపోతోందండీ!"

వస్తున్నానమ్మా! నువ్వు రాయరా, ఓ మెట్టు తల్లీ, నా పసుపుకుంకాలు నిలబెట్టినందుకు నీకు...