ఉప్పు షేకులు

షేక్ అనేది ఒక ఇంటి పేరంటే నేనొప్పుకోను, అది సగం ఊరి పేరు. ఆసుపత్రిలో నర్సు తలుపు దగ్గర నిలబడి "షేక్" అని పిలిస్తే బెంచీలు ఖాళీ అయిపోతాయి. ప్రొద్దుటూరులో పరుపులు కుట్టి బతికినవాణ్ని నేను. బడి మొహం చూడలేదు. బోండాలు కట్టిచ్చిన కాగితాలు, బంగారు అంగళ్ల బోర్డులు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. అందుకే చదువుకున్నవాళ్లు నా ముందు నోరు జారితే ఊరుకోలేను. ఒకసారి కార్డులో పేరు సరిచేయించుకోవడానికి పోతే, కంప్యూటర్ ముందు కూర్చున్నాయన నవ్వి, "మీ షేకుల్లో వంశాలు గింశాలు ఉంటాయా పెద్దాయనా? అందరూ షేకులే గదా" అన్నాడు.

"ఏమప్పా, మీ వంశమొకటే ఆకాశంనుంచి ఊడిపడిందా? మాకూ తాతలుండారు. ఉత్త తాతలు గాదు, కొట్లాడుకున్న తాతలు!" అన్నాను. లైన్లో నిలబడిన షేకులంతా నవ్వారు.

ఆ కొట్లాట జమ్మలమడుగులో జరిగింది. మా తాత, ఆయన తమ్ముడు కలిసి చెల్లెలి పెళ్లి చేశారు. పలావు డేగిసాలో తమ్ముడు ఉప్పు వేశాడని అన్న, అన్న వేశాడని తమ్ముడు అనుకున్నారు. ఎవరూ వేయలేదు. పెళ్లికొడుకు తరఫు ముసలాయనొకడు మొదటి ముద్ద మింగి, "ఈ ఇంటి ఉప్పు తిన్నామని చెప్పుకునేదానికి గూడా ల్యాకపాయె" అన్నాడట. ఇక అన్నదమ్ములు ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. వాళ్లమ్మ ఇద్దరినీ విడదీసి, "ఈపొద్దునుంచి ఉప్పేసినోడు ఊరంతా ఇనపడేట్టు అరిసి చెప్పల్ల!" అని తీర్పు చెప్పింది. తెల్లవారేసరికి తమ్ముడు భార్యను వెంటబెట్టుకుని పులివెందుల దారి పట్టాడు. మళ్లీ రాలేదు.

తీర్పు మాత్రం మా ఇంట్లో ఉండిపోయింది. శుభకార్యమైతే ఇంటికి పెద్దవాడు ఉప్పు వేసి, "ఉప్పు పడిందిరోయ్!" అని కేక పెట్టాలి. చుట్టూ ఉన్నవాళ్లు "పడింది, పడింది!" అనాలి. ఇప్పటికీ జమ్మలమడుగులో ఉప్పు షేకులంటేనే మమ్మల్ని గుర్తుపడతారు.

మా అక్క ఆ ఊళ్లోనే ఉంటుంది. చూపు బాగా తగ్గింది. నేను పోయినప్పుడల్లా మా నాయనమ్మ మాట ఎత్తి ఒకటే పాట. "జేజి పోయేముందు నా చెయ్యి పట్టుకొని చెప్పిందిరా, ఆ పులివెందులోళ్లను కలుపుకోండి అని. రేపు ఆడ కనపడి అడిగితే నేనేం చెప్పల్ల? నీ మనవడు పరుపులు కుడ్తాండ్య, తీరలేదు అని చెప్పల్లనా?"

పులివెందుల బస్సెక్కాను. మసీదు దగ్గర కూర్చున్నాయన్ను, "జమ్మలమడుగునుంచి వచ్చిన షేకుల ఇల్లు యాడప్పా?" అని అడిగితే, "మామా, ఈ సందులో రాయేస్తే షేక్ మీదే పడతాది. ఏ షేకు కావల్ల నీకు?" అన్నాడు. తాత తమ్ముడి పేరు చెప్పాను. ఆ పేరుగల తాత ఇంటికొకడు తేలాడు. ఒక ఇంట్లో టీ ఇచ్చారు, ఇంకో ఇంట్లో అన్నం పెట్టారు, చివరికి "మాది రాజుపాలెం పక్క" అనో "చిలమకూరు పక్క" అనో సాగనంపారు. మనుషులు మంచివాళ్లే. నాకు మండింది పేరు మీద. ఇంత దేశంలో మా పెద్దలకు ఇంకో పేరే దొరకలేదా?

అలా ఎన్ని తడవలు తిరిగానో. ఒకనాడు ఉసూరుమంటూ బస్టాండుకు నడుస్తుంటే ఒక ఫంక్షన్ హాలు వెనకనుంచి కేక వినపడింది: "ఉప్పు పడిందిరోయ్!"

నాకు తెలియకుండానే గోడ ఇవతలనుంచి "పడింది, పడింది!" అని అరిచేశాను.

వంట దగ్గరివాళ్లంతా తిరిగి చూశారు. డేగిసా పక్కన నా ఈడువాడొకడు చేతులకంటిన ఉప్పు దులుపుకుంటూ, "ఎవరప్పా నువ్వు, గోడవతల నిలబడి సాక్ష్యం చెప్తాండావు?" అన్నాడు.

"జమ్మలమడుగు ఉప్పు షేకును."

నన్ను ఎగాదిగా చూశాడు. "అట్లనా! ఆపొద్దు ఉప్పు మరిసింది మీ తాతే గదా?"

"మా తాతనా? మీ తాతప్పా!"

బాగోగులు అడగకముందే కొట్లాట మొదలైంది. అంతకంటే రుజువేం కావాలి? వరసకు నాకు తమ్ముడు. నా చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయి, పెళ్లికొచ్చిన ప్రతివాడికీ చూపించి, పలావు తినిపించాడు. ఉప్పు సరిగ్గా ఉంది. ఆ మాట మాత్రం నేను పైకి అనలేదు.

తర్వాత ఒక ఆదివారం వాళ్లంతా వ్యాను కట్టుకుని అక్క ఇంటికి వచ్చారు. అక్క ఒక్కొక్కరి మొహం తడిమి తడిమి చూసింది. నేను పెరట్లో డేగిసా దగ్గర ఉప్పు గిన్నె పట్టుకుని నిలబడ్డాను. అంతలో ఇంట్లోనుంచి తమ్ముడి గొంతు: "ఉప్పు పడిందిరోయ్!" ఓహో, చుట్టాలకు మర్యాదగా ఆ పని ముందే అప్పగించారు కాబోలు అనుకుని, గిన్నె కింద పెట్టి, అందరికంటే గట్టిగా "పడింది, పడింది!" అన్నాను.

పలావు వడ్డించారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని నేను తమ్ముణ్ని చూశాను. తమ్ముడు నన్ను చూశాడు.

"అరిసినావు గదప్పా!"

"మీ ఇంట్లో ఎట్ల అరుస్తారు, ఇనిపీ నాయనా అని అక్క అడిగింది, అరిసినా! ఇంటికి పెద్దోడివి నువ్వు, ఏసేది నువ్వు గదా!"

అందరి చేతులూ పళ్లేలలో ఆగిపోయాయి. అక్క మాత్రం నిదానంగా నమిలి మింగింది. ఉన్నట్టుండి భుజాలు కదిలేట్టు నవ్వడం మొదలుపెట్టింది.

"ఇంగ అనుమానం ల్యా. మన రక్తమే! ఉప్పు తెండి, ఎవరిది వాళ్లేసుకోండి. ఈసారి మాత్రం ఎవరూ మూట గట్టుకొని ఊరిడిసి పోగూడదు."

గిన్నె చేతులు మారింది. చిటికెడు వేసుకున్న ప్రతివాడూ "పడిందిరోయ్!" అని అరిచాడు. ఆ గోలకు పక్కింటివాళ్లు మిద్దెక్కి చూశారు. అక్క మళ్లీ పెట్టించుకుని తినింది.

అన్నీ బాగానే జరిగాయి. తప్పు మాత్రం వాళ్ల పక్కదే.